అహోబిలం రాళ్లు చెప్పే పాఠం

నంద్యాల నుండి ఆళ్లగడ్డ మీదుగా నల్లమల వైపు వెళితే దిగువ అహోబిలం వస్తుంది. అక్కడి నుండి అడవిదారిలో సుమారు 8 కిలోమీటర్లు పోతే ఎగువ అహోబిలం. అందరూ నవ నారసింహుల దర్శనానికి వెళతారు. మేము దర్శనంతో పాటు అక్కడి రాళ్లను కూడా చూశాము. పాఠ్యపుస్తకంలో చదివిన విజయనగర చరిత్ర మాకు అక్కడ కళ్లెదుట కనిపించింది.

అహోబిలం 108 వైష్ణవ దివ్యదేశాలలో ఒకటి. దీనిని తిరుమంగై ఆళ్వారు కీర్తించారు. దిగువ అహోబిలంలోని ప్రహ్లాదవరదుని ఆలయం విజయనగర శైలికి చక్కని ఉదాహరణ. కళింగ దండయాత్రల కాలంలో, 1515లో, శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడికి వచ్చి హారం, బంగారు పళ్లెం మొదలైన కానుకలు సమర్పించారు. ఆయన పేరు చెప్పుకునే జయస్తంభం నేటికీ ఉంది.

1565లో తళ్లికోట యుద్ధం తరువాత విజయనగరం బలహీనపడింది. 1579లో గోల్కొండ సేనలు అహోబిలాన్ని దోచుకున్నాయి. అప్పుడు గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా. తెలుగు కవులు మల్కిభరాముడని పొగిడినది ఆయననే! ఆ సేనను నడిపినవాడు మురహరిరావు. వారికి తోడు నిలిచినవారు హండె నాయకులు. కాబట్టి ఇది రెండు మతాల యుద్ధం కాదు, రాజ్యం కోసం, ధనం కోసం జరిగిన యుద్ధం అని మనం గ్రహించాలి. తరువాత శ్రీరంగరాయల కాలంలో అహోబిలం తిరిగి విజయనగరం చేతికి వచ్చింది.

ఈ సంగతులు మనకెలా తెలిశాయి? అహోబిలంలోని 1584 నాటి శాసనం వల్ల! శాసనాలలో శకసంవత్సరం ఉంటుంది. దానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. పరిశోధకులు తడి కాగితాన్ని రాతిపై పరచి, కుంచెతో కొట్టి, సిరా అద్ది అక్షరాల అచ్చు తీస్తారు. అక్షరంపై గీత పడినా, సున్నం పూసినా ఆ అచ్చు సరిగా రాదు. ఒక్క అక్షరం పోతే ఒక పేరో, ఒక సంవత్సరమో శాశ్వతంగా పోయినట్లే.

గ్రీసు దేశంలో ఒలింపియా అనే పుణ్యక్షేత్రం ఉండేది. ఒలింపిక్ క్రీడలు పుట్టింది అక్కడే. పూజలు ఆగిపోయాయి. భూకంపాలకు జ్యూస్ దేవుని ఆలయ స్తంభాలు కూలాయి. నదుల ఒండ్రుమట్టి వాటిని కప్పేసింది. 1875 నుండి జర్మన్ పరిశోధకులు తవ్వి వెలికితీశారు. అక్కడ ఇప్పుడు శిథిలాలే మిగిలాయి. మన అహోబిలంలో మాత్రం పూజ నేటికీ సాగుతోంది. చెంచులు నరసింహస్వామిని తమ ఇంటి అల్లుడిగా భావిస్తారు. పారువేట ఉత్సవంలో స్వామి ఆళ్లగడ్డ ప్రాంతపు పల్లెలకు స్వయంగా తరలివస్తాడు. ప్రజలు తమదనుకున్న గుడి దోపిడీకి గురైనా మళ్లీ లేచి నిలుస్తుంది.

శాసనాలలో రాజుల పేర్లున్నాయి. ఆ స్తంభాలను చెక్కిన శిల్పులలో ఎందరి పేర్లు మనకు తెలుసు? ఆళ్లగడ్డలో నేటికీ ఉలి చప్పుడు వినిపిస్తుంది. ఆ శిల్పులను చూస్తే పాతవారి శ్రమ ఎంతటిదో అర్థమవుతుంది. అంత శ్రమపడినవారే తమ పేర్లు రాసుకోకపోతే, మనం మేకుతో గీకి మన పేర్లు రాయడం ఎంత తప్పు!

విద్యార్థి మిత్రులారా! ఈసారి గుడికి వెళ్లినప్పుడు నోటుపుస్తకం తీసుకెళ్దాం. మన పేరు పుస్తకంలో రాసుకుందాం, రాయిపై ఉన్నది చదువుదాం.