పాత కారు – రేడియేటరు మూత

పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పారాలో అంబాసిడరు కార్ల తయారీ 2014లో నిలిచిపోయినది. అట్టి పాత కారు గల ఇంటివారు కొంత పనిని తామే నేర్చుకొనుట మేలు.

మన కుందారపల్లి ప్రాంతమున కృష్ణగిరి నుండి హోసూరునకు పోవు మార్గము ఎత్తునకు సాగును. ఎక్కుడు దారిలో ఇంజను మిక్కిలి వేడెక్కును. ఆ వేడిని గ్రహించిన నీరు రేడియేటరులో చల్లబడి మరల ఇంజనును చేరును. బిగువైన మూత వలన లోపలి పీడనము హెచ్చును. అందుచే నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు దాటినను మరుగదు. అప్పుడు మూత తీసినచో పీడనము తటాలున తగ్గి, నీరు ఆవిరియై ముఖముపైకి చిమ్మును. తరగతిలో మనము చదివిన మరుగు స్థానపు పాఠమే ఇది.

కావున ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మటనే మూతపై మందపు గుడ్డ వేసి మెల్లగా త్రిప్పవలెను. వేడి ఇంజనులో చన్నీరు పోయరాదు. లోహము ఒక్కమారుగా సంకోచించి పగులవచ్చును. ఉదయము బయలుదేరుటకు ముందే నీటిని, ఆయిలును చూచుకొనవలెను. నీరు తరచుగా తగ్గుచున్నచో రబ్బరు గొట్టములను, వాని పట్టీలను పరీక్షింపవలెను.

బ్రేకుల పనిని మాత్రము మెకానిక్కునకే అప్పగింపవలెను. అందలి లోపము మనకే గాక, దారిని పోవువారికిని ప్రాణాపాయము.