బాయి దిగే ముందు

అల్లుడా,

మీ నాన్న ఉద్యోగం నీకొచ్చిందనీ, సోమవారం నుంచి వృత్తి శిక్షణ కేంద్రం వీటీసీలో ట్రైనింగ్ అనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. 1966 నాటి వృత్తి శిక్షణ నియమాల ప్రకారం ఈ ట్రైనింగ్ కానిదే కొత్తవాణ్ణి గనిలో పనికి పెట్టకూడదు. కొందరు దీన్ని సంతకాల తంతు అనుకుని, వెనక బెంచీలో కునుకు తీసి కాగితం పట్టుకొస్తారు. నువ్వు ముందు వరసలో కూర్చో.

మీథేన్ గురించి క్లాసులో చెబుతారు. గాలికంటే తేలిక కనుక పైకప్పు కింద చేరుతుంది, గాలిలో 5 నుంచి 15 శాతం దాకా ఉంటే నిప్పురవ్వకే పేలుతుంది. అది పరీక్షలోనూ అడుగుతారు, గుర్తుంటుంది. పైకప్పు గట్టిదో, కూలేలా ఉందో తెలుసుకోవడం మాత్రం చేత్తో నేర్చుకోవాలి. సపోర్టు ఉన్న చోటే నిలబడి, ఒక చేతి వేళ్లు కప్పుకి ఆనించి, రెండో చేత్తో కర్ర పట్టుకుని కొట్టు. గట్టి కప్పు కంగుమంటుంది. పొర విడిన కప్పు డొల్లగా పలుకుతుంది, వేళ్లకి అదురు తెలుస్తుంది. సీనియర్ పక్కన నిలబడి రెండు శబ్దాలూ విను, వేళ్లకు తేడా తెలిసేదాకా కప్పు కొట్టి చూపించమని అడుగుతూనే ఉండు.

సెల్ఫ్ రెస్క్యూయర్‌ది ఇంకో సంగతి. మంటలప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. ఆ విషవాయువు నుంచి కాపాడటానికి నోట్లో పెట్టుకునే ఈ పరికరం పనిచేస్తున్నప్పుడు పీల్చే గాలి వేడెక్కుతుంది. ఈ సంగతి తెలియనివాడు ఊపిరాడట్లేదని నోట్లోంచి పీకేస్తాడు. వేడి వస్తోందంటే అది పనిచేస్తున్నట్టే. బయటి మంచిగాలిలోకి వచ్చేదాకా తీయకు. పెట్టుకోవడం చీకట్లో కూడా చేయి తిరిగేలా సాధన చెయ్యి.

వీటన్నిటికంటే నాకు భయం నీ మొహమాటం గురించే. కొత్తవాడు బొగ్గు తవ్వే ఫేస్‌లో రాయి రాలడం చూసి, కొత్తగా నీరు చెమర్చడం చూసి, 'పెద్దోళ్లకు తెలియదా' అని ఊరుకుంటాడు. 1975లో చస్నాలా బొగ్గుగనిలో పాత తవ్వకాల్లోని నీళ్లు విరుచుకుపడి 375 మంది పోయారు. మన గోదావరిఖనిలోనే 2003 జూన్‌లో సెవెన్ ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లొచ్చి 17 మంది పోయారు. అందుకే చెమ్మ కనబడితే షిఫ్టులో మీ పని చూసే సర్దార్‌కి చెప్పు. ఆయన విసుక్కుంటే ఆయన పైనున్న ఓవర్‌మన్‌కి చెప్పు. మొదటి నెలలో నిన్ను పిరికివాడంటారు, అననీ.

సర్టిఫికెట్ చేతికొచ్చాక చదువు ఆపకు. గ్యాస్ టెస్టింగ్, ఫస్ట్ ఎయిడ్ పరీక్షలు పాసైతే, అనుభవం నిండాక మైనింగ్ సర్దార్ పరీక్ష రాయొచ్చు. ఆ పుస్తకాలు నా దగ్గరున్నాయి, మొదటి వారం సెలవు రోజున వచ్చి తీసుకెళ్లు. క్లాసులో అర్థం కానివి రాసుకొని రా, కూర్చొని మాట్లాడుకుందాం.

మీ మామ