స్వాధ్యాయము సాగనప్పుడు

గత మాసమున ఉపన్యాసము ముగిసిన పిమ్మట ఒక భక్తురాలు నా వద్దకు వచ్చి మెల్లగా ఇట్లడిగిరి: "అయ్యగారూ! ఇరవై ఏళ్లుగా రోజూ ఏదో ఒకటి చదువుకునేదాన్ని. ఈ ఏడాదిగా పుస్తకం తెరిస్తే రెండు పేజీలు కూడా సాగటం లేదండీ. స్వామికి నా మీద కోపం వచ్చిందంటారా?"

తీర్థప్రసాదములకై వేచియున్న జనుల నడుమ ఆమెకు తగిన సమాధానము చెప్పలేకపోతిని. "కోపము కాదమ్మా" అని మాత్రము అంటిని. మిగిలినదానిని ఇచ్చట వ్రాయుచున్నాను. ఆ ప్రశ్న ఒకప్పుడు నాది కూడ.

బాల్యమున గురువుగారి ఇంట అమరకోశము, పంచకావ్యములు, లఘుకౌముది చదివి, పిదప ముప్పది సంవత్సరములకు పైగా సంస్కృతము బోధించినవాడను. పుస్తకము పట్టని దినము నాకు వచ్చునని ఎన్నడును తలచలేదు. నా ధర్మపత్ని పరమపదించిన తరువాత ఆ దినము వచ్చినది. నిత్యపారాయణము మానలేదు, పెదవులు కదలుచుండెడివి, పుటలు తిరుగుచుండెడివి. ఒకనాడు మనుమరాలు ప్రక్కన కూర్చుండి, "తాతయ్యా, ఇప్పుడు కథలో ఏం జరుగుతోంది?" అని అడిగినది. ఏ సర్గలో ఉంటినో నాకే తెలియలేదు. ఆ బిడ్డకు ఏమియు చెప్పలేక రామాయణమును మూసితిని. ఏడెనిమిది నెలలు మరల తెరువలేదు. ఇతరులకు శ్లోకార్థములు చెప్పువాడు తాను చదువుట మానెనని ఎవరితోను అనలేకపోతిని. పూర్వము చదివినదానితోనే ఉపన్యాసములు నడపితిని.

వ్యాసుల వారి అసంతృప్తి

ఆ రోజులలో భాగవత ప్రథమస్కంధములోని ఒక ఘట్టము నన్ను వదలలేదు. వేదములను విభజించి, భారతమును రచించిన వ్యాసభగవానుడు సరస్వతీతీరమున కూర్చుండి, చేయవలసినదంతయు చేసినను మనస్సునకు తృప్తి కలుగలేదేమని చింతించెను. అప్పుడు నారదమహర్షి వచ్చెను. ధర్మార్థములను విస్తరముగా వర్ణించినను వాసుదేవుని మహిమను అంత విస్తరముగా వర్ణింపలేదని లోపమును చూపెను. దాని ఫలమే భాగవతము.

ఇందు మనము గ్రహింపవలసినవి రెండు. వ్యాసుల వారికి కలిగిన వెలితి శిక్ష కాదు. ఇంకను చూడవలసినది ఒకటి మిగిలియున్నదను సూచన. అది ఏదో వ్యాసుల వారికే తమంతట తోపలేదు; మరియొకరు వచ్చి చెప్పవలసివచ్చెను. వ్యాసునకే అవసరమైన నారదుడు మనకు అవసరము కాడా?

మొదట కారణము తెలియవలెను

పతంజలి మహర్షి యోగసూత్రములలో చిత్తమునకు కలుగు అంతరాయములను తొమ్మిదిగా లెక్కించెను: వ్యాధి, స్త్యానము, సంశయము, ప్రమాదము, ఆలస్యము, అవిరతి, భ్రాంతిదర్శనము, అలబ్ధభూమికత్వము, అనవస్థితత్వము. వీనిలో వ్యాధిని మొట్టమొదట చెప్పెను. మనస్సును నిందించుటకు ముందు దేహమును చూచుకొనవలెను. నా విషయమున కన్నులలో శుక్లములు ముదిరి అక్షరములు అలికినట్లుండగా, భక్తి తగ్గినదని నేను కుమిలితిని. శస్త్రచికిత్స జరిగిన పిమ్మట సగము బాధ తీరినది. అరువది దాటినవారు ముందుగా కంటివైద్యుని చూడవలెను. పెద్ద అక్షరముల ప్రతి, ఎడమ భుజము వెనుకనుండి పడు మంచి వెలుతురు, ఇవి కూడ స్వాధ్యాయమునకు అంగములే.

రెండవదియగు స్త్యానమనగా మనస్సు కదలక మొద్దువారుట. దీనికి గ్రంథమును మార్చుట మందు. ఆలస్యము దేహమునకు కలుగు బరువు. దీనికి వేళను మార్చవలెను. భోజనానంతరము సాగని చదువు తెల్లవారుజామున సాగును. నాలుగు పుస్తకములు తెరచి దేనియందును నిలువనివారు మూడింటిని బీరువాలో పెట్టి, వ్యాసపీఠముపై ఒక్కదానినే ఉంచవలెను.

ట్రంకుపెట్టెలోని పుస్తకము

నా స్త్యానమునకు మందు నా ఇంటిలోనే దొరికినది. సంవత్సరీకమునకు ముందు ఆమె ట్రంకుపెట్టె తెరచితిని. పట్టుచీరల క్రింద మొల్ల రామాయణము ఉన్నది. అంచులకు పసుపు మరకలు, నడుమ గుర్తుగా మడిచిన బస్సు టిక్కెట్టు. నలుబది సంవత్సరములు ఆమె వంటయింటి గడప వద్ద కూర్చుండి దానిని చదువుకొనుచుండగా చూచినవాడను. "మూలము ఇంట ఉండగా ఇదెందుకు?" అని ఒకమారు అంటిని. ఆమె నవ్వి ఊరకుండెను. అందులో ఏమున్నదని నేను ఒక్కనాడైనను అడుగలేదు.

అక్కడక్కడ పెన్సిలుతో గీతలు పెట్టియున్నవి. మొదట ఆ గీతల కొరకే చదివితిని. రెండు మూడు దినములలో పద్యముల కొరకు చదువుచుంటిని. వాల్మీకి ఇరువదినాలుగు వేల శ్లోకములలో చెప్పిన కథను మొల్ల వేయికి లోపు గద్యపద్యములలో, వినగానే అర్థమగు తెలుగులో చెప్పినది. పది దినములలో పూర్తియైనది. ఆమె గీత పెట్టిన ప్రతి ఘట్టమును వాల్మీకమునందు ఎట్లున్నదో చూడవలెనను కోరిక పుట్టి, మూసిన పుస్తకమును మరల తెరచితిని. గీతలలో మూడింటికి కారణము నాకింకను తెలియలేదు. అడుగుటకు ఆమె లేదు.

కావున నా మొదటి సలహా: మీ ఇంటనున్నవారు ఏమి చదువుచున్నారో నేడే అడుగుడు.

క్రొత్త గ్రంథమునకు దారులు

క్షేత్రమునుండి గ్రంథమునకు పోవుట ఒక దారి. యాత్రకు వెళ్లినపుడు ఆ స్వామిని కొలిచిన కవిని కూడ వెంట తెచ్చుకొనవలెను. శ్రీకాళహస్తి వెళ్లినవారు ధూర్జటిని, భద్రాచలము వెళ్లినవారు కంచెర్ల గోపన్నగారి దాశరథీ శతకమును, సింహాచలము వెళ్లినవారు కృష్ణమాచార్యుల వచనములను చదువవచ్చును. తిరుమలలో రాగిరేకులపై నిలిచిన అన్నమాచార్య సంకీర్తనలు దినమునకొకటి చాలును. కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువును సేవించినవారు, ఆ స్వామి కలలో ఆనతీయగా శ్రీకృష్ణదేవరాయలు రచించిన ఆముక్తమాల్యదను పండితుని సహాయముతో చదివిన, అచ్చటినుండి గోదాదేవి పాశురములకు తామే నడచెదరు. చూచిన గోపురము కన్నులలో నుండగా ఆ గ్రంథము పరాయిదిగా తోపదు.

పెద్దదానినుండి చిన్నదానికి దిగుట రెండవ దారి. పన్నెండు స్కంధముల భాగవతము భయపెట్టినచో, అష్టమస్కంధములోని గజేంద్రమోక్షము, సప్తమములోని ప్రహ్లాదచరిత్ర, దశమములోని రుక్మిణీకల్యాణము విడివిడిగా చదువవచ్చును. ఒక ఘట్టము పూర్తియైన తృప్తి తరువాతి ఘట్టమునకు బలమిచ్చును.

తెలిసిన కథను మరియొక కవి నోట వినుట మూడవ దారి. రంగనాథ రామాయణము ద్విపదలో నడచినది. బిగ్గరగా చదివిన పాటవలె సాగును. కథ తెలిసినదే గనుక శ్రమ లేదు; చెప్పు తీరు క్రొత్తది గనుక విసుగు లేదు.

నాలుగవది శ్రవణము. నవవిధభక్తులలో మొదట చెప్పబడినది ఇదియే. పరీక్షిన్మహారాజు ఏడు దినములలో భాగవతమును చదువలేదు, వినెను. కన్నులు సహకరింపనివారు మనుమలచేత చదివించుకొని వినవలెను. మనుమలకు తెలుగు తడబడినను విసుగుకొనరాదు.

ఐదవది గ్రంథాలయము. హైదరాబాదులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లోను, వేటపాలెములోని సారస్వత నికేతనము 1918లోను స్థాపింపబడినవి. మీ పట్టణమునందును ఒక శాఖా గ్రంథాలయము ఉండును. అందు అల్మరాలకంటె ముందు, పాఠకులు తిరిగి ఇచ్చిన పుస్తకముల బల్లను చూడుడు. అవి ఎవరో కొందరు ఎన్నుకొని పట్టుకొనిపోయినవి. విద్యలో ఒక పాదము తోటివిద్యార్థులవలన కలుగునని పెద్దలు చెప్పినది ఇచ్చట అనుభవమునకు వచ్చును.

ఒక సందేహము రావచ్చును: మొదలుపెట్టిన గ్రంథమును నడుమ విడుచుట దోషము కాదా? సంకల్పము చెప్పి ఆరంభించిన సప్తాహము, నవాహము పూర్తి చేయవలసినదే. సంకల్పము లేక చదువుకొను గ్రంథమును ప్రక్కనుంచుట దోషము కాదు. దానికి కాలము రాలేదని ఎంచవలెను.

దాతలకు ఒక విన్నపము

షష్టిపూర్తులయందు, ఉపనయనములయందు పుస్తకములు పంచు మంచి ఆచారము పెరుగుచున్నది. దాత ముందుగా తాను చదివిన పుస్తకమునే పంచవలెను. "నేను ఫలానా ఘట్టమును చదివి కంట తడి పెట్టితిని" అను ఒక్క మాటతో ఇచ్చిన ప్రతి, తాంబూలపు సంచిలో మౌనముగా పడిన పది ప్రతులకంటె మిన్న. కట్టలు విప్పక అటకపై నిలిచిన గ్రంథదానమునకు గ్రహీత లేడు.

శిక్షావల్లిలో ఆచార్యుడు, చదువు ముగించి ఇంటికి వెళ్లు శిష్యునితో స్వాధ్యాయము విషయమున ఏమరుపాటు వలదని హెచ్చరించెను. ఏమరుపాటు సహజమనియు, విద్య ముగిసినవానికే అది ఎక్కువగా వచ్చుననియు ఎరిగియే ఆ మాట చెప్పియుండునని నాకిప్పుడు తోచుచున్నది.

ఆ ప్రశ్న వేసిన తల్లీ! స్వామికి మీపై కోపము లేదు. ఈ దినము కంటి అద్దములు తుడుచుకొని, గజేంద్రమోక్షములో నాలుగు పద్యములు మాత్రము చదువుడు. ఐదవది చదువవలెనని తోచినను ఆపి, రేపటికి ఉంచుడు. వచ్చే మాసము ఉపన్యాసమునకు వచ్చినపుడు మొసలి పట్టు వరకు వచ్చితిరో, స్వామి వచ్చు వరకు వచ్చితిరో నాకు చెప్పవలెను. నేను అడుగుదును.