లాట్గలే : అచ్చు లేకుండా బ్రతికిన భాష

బాల్టిక్ తీరదేశమైన లాత్వియాకు తూర్పు కొసన ఉన్న సీమ లాట్గలే. సరస్సులు ఎక్కువ కావడంచేత దీనిని 'నీలి సరస్సుల సీమ' అంటారు. లాత్వియాలో తక్కిన ప్రాంతాలు చాలావరకు లూథరన్ సంప్రదాయానివి. ఇక్కడ మాత్రం కాథలిక్కులు ఎక్కువ. మాట కూడా వేరుగా ఉంటుంది. ఒకే జాతిలో ఇంత తేడా ఎందుకు వచ్చింది?

మధ్యయుగంలో ఈ ప్రాంతాన్ని జర్మన్ లివోనియన్ ఆర్డరు ఏలింది. 1561లో అది కూలిపోగా పోలండ్–లిథువేనియా రాజ్యం చేజిక్కించుకుంది. 1629 నాటి ఆల్ట్‌మార్క్ సంధితో పడమటి పొరుగు సీమ విడ్జెమె స్వీడన్‌కు పోయింది, లాట్గలే పోలండ్‌కే మిగిలింది. అక్కడినుంచి ఇద్దరి దారులూ వేరయ్యాయి. 1772లో పోలండ్ మొదటి విభజనతో లాట్గలే రష్యా పాలయింది. అయినా తోటి లాత్వియన్లతో కలవలేదు. విటెబ్స్క్ రాష్ట్రంలో చేర్చారు. ఫలితం చూడండి: విడ్జెమెలో 1819లోనే రద్దయిన అర్ధబానిసత్వం ఇక్కడి రైతుకు 1861దాకా తప్పలేదు.

1863 పోలిష్ తిరుగుబాటును అణచిన జారు ప్రభుత్వం 1865లో ఇక్కడ లాటిన్ లిపిలో ముద్రణను నిషేధించింది. 1904 వరకు అదే స్థితి. పుస్తకం లేకపోతే భాష ఏమైపోతుంది? ఆ రోజుల్లో ఆండ్రివ్స్ యూర్జ్స్ (1845–1925) అనే రైతు ప్రార్థనలు, పాటలు, పంచాంగాలు చేత్తో రాసి గ్రంథాలు తయారుచేశాడు. అటువంటి రాతప్రతులు, ఇళ్ళలో పాడుకున్న భక్తిగీతాలు భాషను నిలబెట్టాయి.

1917లో రేజెక్నె పట్టణంలో కూడిన మహాసభ, మతాచార్యుడు ఫ్రాన్సిస్ ట్రాసున్స్ ప్రభృతుల నాయకత్వాన, తక్కిన లాత్వియన్లతో ఏకం కావాలని తీర్మానించింది. 1920లో అది నెరవేరింది. కాని స్వంత ప్రభుత్వం వచ్చినంత మాత్రాన కష్టాలు తీరలేదు. 1934లో ఉల్మానిస్ అధికారం కైవసం చేసుకున్నాక లాట్గలే భాషను బడులనుంచి తొలగించారు. రేజెక్నెలో 1939లో నిలిపిన ఐక్యతా విగ్రహాన్ని సోవియట్ పాలనలో కూలదోశారు. 1992లో మళ్ళీ నిలిపారు.

1999 నాటి భాషాచట్టం లాట్గలే రాతభాషను లాత్వియన్ భాషకు చారిత్రక రూపంగా గుర్తించి రక్షణ కల్పించింది. 2011 జనాభా లెక్కల్లో లక్షా అరవైవేలకు పైగా జనం దీనిని నిత్యం వాడుతున్నట్లు తేలింది. సీమలోని పెద్ద నగరం డౌగవ్‌పిల్స్‌లో మాత్రం రష్యన్ మాటే ఎక్కువ వినిపిస్తుంది. ఏటా ఆగస్టు 15న అగ్లోనా చర్చికి వేలాదిమంది యాత్రికులు వస్తారు.

ఇది మాండలికమా, ప్రత్యేక భాషా అన్న వాదం పండితులమధ్య సాగుతూనే ఉంది. అయితే ఒకటి గమనించాలి. దీనిని జారు నిషేధించాడు, స్వదేశ ప్రభుత్వమే బడినుంచి గెంటింది. ఇల్లు మాత్రం వదలలేదు. చట్టం ఇప్పుడు రక్షణ ఇవ్వగలదు. పిల్లలతో ఆ మాట మాట్లాడవలసింది ఇంట్లోవాళ్ళే.