స్పోర్ట్సు కారు చప్పుళ్లు: నిదానం, చికిత్స

రోగి నాడి చూడకుండా మందుచీటీ రాసే వైద్యుణ్ణి ఎవరూ నమ్మరు. కాని కారు కింద నుంచి ఏదో చప్పుడు వస్తోందనగానే, అది ఎప్పుడు వస్తోందో అడక్కుండానే గేర్‌బాక్సు దించేసేవాళ్లు మాత్రం అన్ని ఊళ్లలోనూ ఉన్నారు. గేర్‌బాక్సు దించుతారు, బేరింగులు మారుస్తారు, మళ్లీ ఎక్కిస్తారు. బిల్లు చేతికొస్తుంది. చప్పుడు మాత్రం అలాగే ఉంటుంది. ఎందుకంటే అది వెనక చక్రం దగ్గరిది!

ఇంజను నుంచి చక్రం దాకా శక్తిని మోసుకుపోయే భాగాలన్నిటికీ కలిపి ట్రాన్స్‌మిషన్ అని పేరు. క్లచ్చి, గేర్‌బాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టు, డిఫరెన్షియల్, హాఫ్ షాఫ్టులు, హబ్బులు – ఇదీ వరస. ఈ వరసలో చప్పుడు ఎక్కడ పుట్టిందో, బోల్టు ఊడదీయకుండానే చాలామటుకు కనిపెట్టవచ్చు. ఎలాగో ఒక నిజమైన బండిని ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

మన ఉదాహరణ

ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ 1962 నుంచి 1980 వరకు స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల చిన్న స్పోర్ట్సు కారును తయారు చేసింది. మూడు లక్షలకు పైచిలుకు బళ్లు వచ్చాయి. ఈ కారునే ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, ఇందులో భాగాలన్నీ విడివిడిగా, పాఠ్యపుస్తకంలో బొమ్మ గీసినట్టు ఉంటాయి. రెండోది, ఇది మనకు బొత్తిగా పరాయిది కాదు. హెరాల్డ్ అనే మామూలు కారు ఛాసిస్‌ను పొట్టిగా చేసి దానిమీద స్పిట్‌ఫైర్‌ను కట్టారు. ఆ హెరాల్డే 1961 నుంచి మద్రాసులో తయారై, స్టాండర్డ్ హెరాల్డ్ అన్న పేరుతో మన రోడ్లమీద తిరిగింది. కాబట్టి ఇక్కడ చెప్పబోయేది మన పెద్దవాళ్లు నడిపిన బండికి కూడా చాలావరకు వర్తిస్తుంది.

ఈ బండిలో ఇంజను, గేర్‌బాక్సు ముందుంటాయి. ప్రొపెల్లర్ షాఫ్టుకు రెండు చివరలా ఒక్కొక్క యూనివర్సల్ జాయింటు ఉంటుంది. మన మెకానిక్కులు దీన్నే ‘క్రాసు’ అంటారు. డిఫరెన్షియల్‌ను రబ్బరు బుష్‌లమీద ఛాసిస్‌కే బిగించారు. అది చక్రాలతో పాటు పైకీ కిందికీ ఊగదు. ఊగేవి రెండు హాఫ్ షాఫ్టులు. ఒక్కొక్క దానికి డిఫరెన్షియల్ వైపు మాత్రమే ఒక క్రాసు ఉంటుంది. అంటే మొత్తం నాలుగు క్రాసులు. మలుపులో చక్రంమీద పడే పక్కతోపును కూడా ఈ హాఫ్ షాఫ్టే భరించాలి. ఈ సంగతి బాగా గుర్తుంచుకోండి. దీని అవసరం తరవాత వస్తుంది.

మూడు ప్రశ్నలు

చప్పుడు ఎక్కడ నుంచి వస్తోందని చెవిని అడిగితే చెవి తప్పు చెబుతుంది. ఇనుములో శబ్దం దూరం పోతుంది. వెనక పుట్టిన హోరు ఛాసిస్ వెంట వచ్చి సీటు కింద వినిపిస్తుంది. కాబట్టి ‘ఎక్కడ’ అని కాక ‘ఎప్పుడు’ అని అడగాలి.

మొదటి ప్రశ్న: చప్పుడు ఇంజను వేగాన్ని బట్టి మారుతోందా, బండి వేగాన్ని బట్టి మారుతోందా? ఖాళీగా ఉన్న చదును రోడ్డుమీద టాప్ గేర్లో 60 కిలోమీటర్ల వేగంతో పోతూ చప్పుడు వినండి. అదే వేగంలో మూడో గేరుకు రండి. ఇంజను వేగం సుమారు 1.4 రెట్లవుతుంది, బండి వేగం మారలేదు. చప్పుడు కూడా మారకపోతే అది గేర్‌బాక్సుకు వెనక ఉన్న భాగాలదన్నమాట. ఇంజనుతో పాటు పెరిగితే ముందు భాగాలది. గేరును బట్టి వచ్చి పోతూ ఉంటే గేర్‌బాక్సును అనుమానించాలి.

రెండో ప్రశ్న: భారాన్ని బట్టి మారుతోందా? యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఒకలాగ, వదిలేసినప్పుడు ఇంకొకలాగ ఉంటే, అది పళ్లు ఒకదానికొకటి ఆనుకునే చోటు. నొక్కినా వదిలినా పెద్ద తేడా లేకపోతే బేరింగో టైరో అయి ఉంటుంది.

మూడో ప్రశ్న: మలుపును బట్టి మారుతోందా? బండి కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రాలమీద పడుతుంది. కుడికి తిరిగినప్పుడు గరగర పెరిగితే ఎడమ హబ్బు బేరింగు అరిగిందని అనుమానం. ఎడమకు తిరిగినప్పుడు పెరిగితే కుడిది.

వీటితో పాటు రోడ్డును కూడా ఒకసారి మార్చి చూడాలి. గరుకు తారు నుంచి నున్నటి కాంక్రీటుమీదికి రాగానే మోత మారితే ఆ నేరం డిఫరెన్షియల్‌ది కాదు, టైర్లది. పాపం, టైర్లు చేసిన నేరానికి ఎన్ని డిఫరెన్షియళ్లు శిక్ష అనుభవించాయో!

కొంచెం లెక్క

క్లాసులో నేర్చుకున్న అంకగణితం ఇక్కడ అక్కరకొస్తుంది. ఈ కారు టైరు ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు 1.8 మీటర్లు పోతుందనుకుందాం. గంటకు 60 కిలోమీటర్లంటే నిమిషానికి 1000 మీటర్లు. అంటే చక్రం నిమిషానికి 555 చుట్లు, సెకనుకు సుమారు 9.3 చుట్లు తిరుగుతుంది.

ఇక డిఫరెన్షియల్. 1970లో వచ్చిన నాలుగో మార్కు బండిలో నిష్పత్తి 3.89. పినియన్‌కు 9 పళ్లు, క్రౌన్ వీల్‌కు 35 పళ్లు అనుకుంటే ఈ నిష్పత్తి వస్తుంది. కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్టు సెకనుకు 36 చుట్లు తిరుగుతుంది. వంపులో తిరిగే క్రాసు ఒక్కొక్క చుట్టుకు రెండుసార్లు వేగం పెంచి రెండుసార్లు తగ్గిస్తుంది. కాబట్టి దాని కంపనం సెకనుకు 72. పినియన్ పళ్లు కలిసేది 36ను 9తో గుణిస్తే, సెకనుకు 324 సార్లు.

ఇప్పుడు ఫలితం చూడండి. సెకనుకు 9 అంటే చెవికి వినపడదు, ఒంటికి తెలుస్తుంది; అది చక్రం బ్యాలెన్సు లోపం. 36 అయితే షాఫ్టు బ్యాలెన్సు. 72 అయితే క్రాసు. 324 అయితే క్రౌన్ పినియన్ ఈల. నేడు సెల్‌ఫోనులోనే శబ్దపు పౌనఃపున్యాన్ని చూపించే సాధనాలు దొరుకుతున్నాయి. పక్క సీట్లో స్నేహితుణ్ణి కూర్చోబెట్టి చూడమనండి. నడిపేవాడు రోడ్డునే చూడాలి.

ఇందులో ఒక చిక్కుంది. టాప్ గేర్లో ఇంజనూ ప్రొపెల్లర్ షాఫ్టూ ఒకే వేగంతో తిరుగుతాయి. రెండూ సెకనుకు 36 చుట్లే! కాబట్టి టాప్‌లో వచ్చే అదురు ఇంజనుదా, షాఫ్టుదా అన్నది లెక్కకు అందదు. మూడో గేరుకు వస్తే ఇంజను 50 దాకా పోతుంది, షాఫ్టు 36 దగ్గరే ఉంటుంది. మొదటి ప్రశ్నలో గేరు మార్చమన్నది ఇందుకే.

ఏ చప్పుడు దేనిది?

బండి నిలబడి ఉండగా, న్యూట్రల్‌లో, క్లచ్చి పెడలు వదిలితే గరగర వచ్చి, నొక్కితే ఆగిపోతోందా? గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు, లేషాఫ్టు బేరింగులు అనుమానితులు. దానికి విరుద్ధంగా, పెడలు నొక్కినప్పుడే కీచుమంటే క్లచ్చి రిలీజు బేరింగు.

మొదటి మూడు గేర్లలో మోత ఉండి, టాప్‌లో పోతే లేషాఫ్టునే అనుమానించండి. ఎందుకంటే టాప్‌లో శక్తి సూటిగా పోతుంది. లేషాఫ్టు తిరుగుతుంది గాని దానిమీద భారం ఉండదు.

బండి కదలగానే ‘టక్’, యాక్సిలరేటర్ వదలగానే ఇంకో ‘టక్’ అంటే ఎక్కడో ఆట ఉంది. క్రాసు కావచ్చు, డిఫరెన్షియల్ రబ్బరు బుష్ కావచ్చు, ఫ్లాంజి బోల్టు వదులు కావచ్చు. మెల్లగా పోతున్నప్పుడు బావి గిలకలాగ కిర్రుకిర్రుమంటూ, బండి వేగంతో పాటు తొందరపడితే అది గ్రీజు ఎండిన క్రాసు.

యాక్సిలరేటర్ నొక్కితే ఈల వేసి, వదలగానే మానేస్తే క్రౌన్ పినియన్ పళ్ల పొందిక చెడిందన్నమాట. ముందు నూనె చూడండి. ఈ పళ్లు ఒకదానిమీద ఒకటి దొర్లడమే కాక జారుతాయి కూడా. అందుకే దీనికి హైపాయిడ్ గేర్లకని తయారుచేసిన నూనె కావాలి. పినియన్ సీలు కారిపోయి, నూనె తగ్గి, ఈల మొదలవడం మామూలే.

పరీక్ష, చికిత్స

ముందు జాగ్రత్త. ఒట్టి జాకీమీద నిలిపిన బండి కిందికి ఎన్నడూ దూరకండి. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, గట్టి స్టాండ్లమీద నిలపండి. ఈ బండికి ఇంకో నియమముంది. ఛాసిస్‌ను ఎత్తితే వెనక చక్రాలు కిందికి వేలాడతాయి, క్రాసులు ఎక్కువ వంపులో పడతాయి. ఆ స్థితిలో ఇంజను నడిపి చక్రాలు తిప్పితే, రోడ్డుమీద లేని చప్పుడు కొత్తగా పుడుతుంది. అది నమ్మి భాగాలు మార్చకూడదు.

ఆట ఎక్కడుందో చూడాలంటే ఇంజను ఆపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండు బ్రేకు వేసి, ప్రొపెల్లర్ షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పండి. షాఫ్టు కదిలి, పక్కనున్న డిఫరెన్షియల్ ఫ్లాంజి కదలకపోతే ఆ క్రాసు అయిపోయింది. ఫ్లాంజి కూడా కదిలి చక్రం కదలకపోతే ఆట డిఫరెన్షియల్ లోపలో, హాఫ్ షాఫ్టు క్రాసులోనో ఉంది. డిఫరెన్షియల్‌లో పిసరంత ఆట సహజం. క్రాసులో కంటికి కనపడే ఆట ఎంతైనా ఎక్కువే.

క్రాసు మార్చడం విద్యార్థి చేయగల పనే. ఊడదీసే ముందు ఫ్లాంజిలమీద రంగుతో గుర్తులు పెట్టండి. సర్క్లిప్పులు తీసి, కప్పులు జాగ్రత్తగా బయటికి కొట్టండి. కొత్త క్రాసు ఎక్కించేటప్పుడు కప్పులోని సూదులు ఒక్కటి పడిపోయినా పని చెడుతుంది. బిగించాక క్రాసు అన్ని వైపులా చేతికి సులువుగా తిరగాలి. షాఫ్టు రెండు ముక్కలుగా స్ప్లైన్‌తో కలిసేదైతే రెండు చివరల ఫోర్కులూ ఒకే తలంలో ఉండాలి. 10 డిగ్రీల వంపులో ఒక్క క్రాసు వేగాన్ని నూటికి ఒకటిన్నర చొప్పున పెంచి తగ్గిస్తుంది. ఫోర్కులు ఒకే తలంలో, రెండు వంపులూ సమానంగా ఉంటే రెండో క్రాసు దాన్ని సరిచేస్తుంది. తప్పుగా కలిపితే కొత్త క్రాసులు వేసినా బండి అదురుతుంది.

క్రౌన్, పినియన్ జంటగా తయారైనవి. ఒకటి మార్చి రెండోది ఉంచకూడదు. పినియన్ లోతు, పళ్ల మధ్య ఆట షిమ్ములతో సరిచేయాలి. పళ్లకు రంగు పూసి ముద్ర ఎక్కడ పడుతోందో చూడాలి. ఇది అనుభవజ్ఞుడి చేతికి అప్పగించవలసిన పని.

పెద్ద చప్పుడు, చిన్న చప్పుడు

ఇంతకీ ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇప్పుడు చెబుతాను. చప్పుడు పెద్దదైతే ప్రమాదం పెద్దదని కాదు. నూనె సరిగా ఉంటే, ఈల వేసే డిఫరెన్షియల్ ఏళ్ల తరబడి పనిచేయవచ్చు. చెవికి చిరాకే గాని ప్రాణానికి ముప్పు తక్కువ. కాని వెనక హబ్బులో వచ్చే సన్నటి గరగర అలాంటిది కాదు.

ఈ కారు వెనక హబ్బులో ఒక బాల్ బేరింగు, ఒక సూది బేరింగు ఉంటాయి. సూదులు నేరుగా హాఫ్ షాఫ్టుమీదే దొర్లుతాయి. గ్రీజు ఎండితే షాఫ్టుమీద గాడి పడుతుంది. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ క్లాసులో ఏం చదివాం? గాడి పడ్డ చోట ఒత్తిడి పోగవుతుంది. తిరిగే షాఫ్టులో ఆ ఒత్తిడి ప్రతి చుట్టుకూ అటు ఇటు మారుతుంది. అక్కడే ఫెటీగ్ పగులు మొదలవుతుంది. పైగా మలుపులోని పక్కతోపును భరించేది కూడా ఈ షాఫ్టే. అది విరిగితే చక్రం హబ్బుతో సహా ఊడి పోతుంది. అందుచేత బేరింగు ఒక్కటే మార్చి, గాడి పడ్డ షాఫ్టును మళ్లీ వాడడం పొదుపు కాదు. హబ్బును సరైన పుల్లర్‌తోనే లాగాలి. సుత్తితో బాదితే మంచి షాఫ్టు కూడా వంగుతుంది.

కాబట్టి మిత్రులారా, వరస ఇది. ముందు వినండి, మూడు ప్రశ్నలు అడగండి, జవాబులు కాగితంమీద రాయండి. తరవాత ఖర్చులేనివి చూడండి: టైర్ల గాలి, నూనె మట్టం, బోల్టుల బిగువు, రబ్బరు బుష్‌లు. ఆపైన క్రాసులు, హబ్బులు. డిఫరెన్షియల్, గేర్‌బాక్సు విప్పడం అన్నిటికన్నా చివర. హబ్బుమీద అనుమానం వస్తే మాత్రం ఈ వరస పక్కన పెట్టి, అది తేలేదాకా బండి బయటికి తీయకండి. మరమ్మతు అయ్యాక అదే రోడ్డుమీద, అదే వేగంలో, అదే గేర్లో నడిపి చూడండి. చప్పుడు పోతేనే మన నిదానం నిజమైనట్టు.

చెట్టుకింద షెడ్డులో పనిచేసే మేస్త్రీకి ఈ సూత్రాల పేర్లు తెలియకపోవచ్చు, కాని అతని చెవి ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న చెవి. మన దగ్గర లెక్క ఉంది, చెవి లేదు. లెక్క అతనికి చెప్పి, వినడం అతని దగ్గర నేర్చుకుంటే ఇద్దరికీ లాభమే. ఆ బండిలో కూర్చునేవాళ్లకు మరీ లాభం.