కారులో హామ్ రేడియో: సందేహాలు - సమాధానాలు

సందేహం: మావారు కారులో హామ్ రేడియో పెట్టించారు. 50 వాట్లట. వెనక సీట్లో పిల్లలిద్దరూ కూర్చుంటారు. ఆ రేడియేషన్ వాళ్లకేమన్నా చేస్తుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, గుంటూరు

సమాధానం: ముందు మీరు కుదుటపడండమ్మా. ఇవి ఎక్స్‌రేల్లాంటి కిరణాలు కావు. మోతాదు మించితే ఒంటిని వేడెక్కించగలవు కానీ, డీఎన్‌ఏని తెంచేంత శక్తి వీటికి లేదు. పైగా ఇవి వెలువడేది మీవారు మాట్లాడినంతసేపే అని గుర్తుపెట్టుకోండి, వింటున్నప్పుడు ఏ భయమూ లేదు. యాంటెనా రూఫ్ నడిమధ్యన ఉంటే కింది ఇనుప రేకే పిల్లలకు అడ్డు. వెనక అద్దం పక్కన, పిల్లల తలల దగ్గర బిగించి ఉంటే మాత్రం పైకి మార్పించండి. ఆగి ఉన్న కారులోంచి మాట్లాడేటప్పుడు బయట ఎవరూ యాంటెనాని పట్టుకోకుండా, రెండు మీటర్ల దూరంలో ఉండేలా చూస్తే చాలు.

సందేహం: మా నాన్నగారికి పేస్‌మేకర్ వేశారు. రేడియో ఉన్న నా కారులో ఆయన్ని తీసుకెళ్లవచ్చా?
– ఒక ఉద్యోగి, హైదరాబాద్

సమాధానం: నిరభ్యంతరంగా తీసుకెళ్లండి. ఇప్పటి పేస్‌మేకర్లకు బయటి తరంగాల నుంచి రక్షణ ఉంటుంది. అయితే ఎన్ని వాట్లకు యాంటెనా ఎంత దూరంలో ఉండాలన్నది ఆ పరికరం తయారుచేసిన కంపెనీ చెప్పాల్సిన మాట. నాన్నగారి దగ్గరున్న పేస్‌మేకర్ కార్డు పట్టుకెళ్లి గుండె డాక్టరుగారిని అడగండి, అందాకా ఆయన పక్కనుంటే వినడమే తప్ప మాట్లాడకండి. ఎప్పుడైనా ఆయనకు కళ్లు తిరిగినా, గుండె దడ అనిపించినా రేడియో కట్టేసి ఆస్పత్రికి తీసుకెళ్లండి.

సందేహం: సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి సెట్‌కి కరెంటిచ్చాను. వినడానికి బాగానే ఉంది, మైకు మీది పీటీటీ బటన్ నొక్కగానే తెర ఆరిపోతోంది. కొత్త సెట్ పాడైపోయిందా?
– ఒక కొత్త హామ్, విజయవాడ

సమాధానం: సెట్‌కేమీ కాలేదు, దానికి కరెంటు చాలడం లేదంతే. వినేటప్పుడు అర ఆంపియరుతో సరిపెట్టుకునే సెట్, 50 వాట్లతో మాట్లాడితే 10 నుంచి 13 ఆంపియర్లు లాగుతుంది. సాకెట్ వెనకుండే సన్నటి వైరు అంత ఇవ్వలేదు. బ్యాటరీ నుంచి నేరుగా లావుపాటి వైరు లాగించి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టించండి. దారిలో ఎక్కడైనా వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే ఫ్యూజు పోతుంది, మంట రాదు. బ్యాటరీ నెగటివ్ దగ్గర సెన్సర్ ఉన్న కొత్త కార్లలో నల్ల వైరుని బాడీ ఎర్త్‌కి బిగించాలని ఆటో ఎలక్ట్రీషియన్‌కి ముందే చెప్పండి. సాకెట్ చెయ్యి పెట్టలేనంత కాలినా, ప్లాస్టిక్ కమురు వాసన వచ్చినా ఆ క్షణమే ప్లగ్ పీకేయండి.

సందేహం: పది నిమిషాలు మాట్లాడేసరికి సెట్ వెనకభాగం కాలిపోతోంది, ఫ్యాను గీమంటోంది. మా ఊరి ఎండలకి పేలదు కదా?
– ఒక పాఠకుడు, రామగుండం

సమాధానం: పేలదు, కంగారు పడకండి. బ్యాటరీ నుంచి తీసుకునే 150 వాట్లలో 50 యాంటెనాకి చేరితే మిగతా 100 దాకా వేడిగానే పోవాలి. వెనకున్న రెక్కలు, ఫ్యాను అందుకే పెట్టారు. ఎండలో నిలిపిన కారెక్కగానే మైకు అందుకోకుండా కాసేపు అద్దాలు దించండి, ఊళ్లోవాళ్లతో అయితే 5 వాట్లకో 10 వాట్లకో తగ్గించి మాట్లాడండి. రెండు ముక్కలు మాట్లాడేలోపే సెట్ కాలిపోతున్నా, పవర్ దానంతటదే పడిపోతున్నా యాంటెనా వైపు లోపముందేమో ఎస్‌డబ్ల్యూఆర్ మీటరుతో చూపించండి. అది 1.5 లోపుంటే దిగుల్లేదు, 2 వరకూ ఫరవాలేదు, 3 దాటితే మాత్రం కేబుల్, కనెక్టర్లు సరిచేసేదాకా పీటీటీ నొక్కకండి.

సందేహం: యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ స్పీకర్‌లో కుయ్‌మనే మోత పెరుగుతోంది. ఆల్టర్నేటర్ పోయిందని మెకానిక్ అంటున్నాడు. వేల రూపాయల ఖర్చట.
– ఒక టీచరు, కర్నూలు

సమాధానం: డబ్బు పెట్టడానికి తొందరపడకండి మాస్టారూ, నిక్షేపంలాంటి ఆల్టర్నేటర్ కూడా అలా కూస్తుంది. ఒకసారి యాంటెనా వైరు ఊడదీసి వినండి. అప్పటికీ మోత ఉంటే అది కరెంటు వైరులోంచి వస్తున్నట్టు. వైరు నేరుగా బ్యాటరీ నుంచి తెచ్చుకుని, సెట్ దగ్గర ఫెరైట్ కోర్ తొడిగితే చాలావరకు అణుగుతుంది. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13 వోల్టులు కూడా లేకపోయినా, డ్యాష్‌బోర్డులో బ్యాటరీ దీపం ఆరకపోయినా అప్పుడు మెకానిక్ మాట వినండి.

సందేహం: కారు పక్కన నిలబడి మైకులో మాట్లాడుతుంటే రిమోట్ తాళం పనిచెయ్యలేదు. కారు కంప్యూటర్‌ని చెడగొట్టానా?
– ఒక విద్యార్థి, వరంగల్

సమాధానం: ఏమీ చెడలేదు బాబూ. మన కార్ల రిమోట్లు చాలావరకు 433.92 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి, మన హాములకిచ్చిన యూహెచ్‌ఎఫ్ బ్యాండు 434 నుంచి 438. పక్కనే మైకుసెట్టు మోగుతుంటే గుసగుస వినపడుతుందా? నువ్వు బటన్ వదలగానే తాళం పలికితే అంతా మామూలే. పీటీటీ నొక్కినప్పుడల్లా ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ దీపాలు వెలుగుతున్నా, ఇంజన్ తడబడుతున్నా మాత్రం వాడకం ఆపి, యాంటెనా కేబుల్‌ని కారు వైరింగుకి దూరంగా లాగించాలి.

సందేహం: నాకు రెస్ట్రిక్టెడ్ గ్రేడ్ లైసెన్సుంది. కారు మీద యాంటెనా చూసి పోలీసులు ఆపితే ఏం చెప్పాలి? ఆ భయంతో నెలరోజులుగా యాంటెనా డిక్కీలోనే పెడుతున్నాను.
– ఒక వ్యాపారి, ఖమ్మం

సమాధానం: ఆపడం వాళ్ల పని, మీరు తప్పు చేసినట్టు ముడుచుకుపోనక్కర్లేదు. కేంద్ర టెలికం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చిన లైసెన్సు, సెట్ కొన్న బిల్లు కారులో ఉంచుకోండి. అడిగితే చూపించి, మీ వీయూ3 కాల్‌సైన్ చెప్పండి. లైసెన్సు షరతుల్లో వాహనంలో వాడకం గురించి ఉన్నది కూడా ఒకసారి చదివిపెట్టుకోండి. అయినా ఇది దాచుకోవాల్సిన పనేం కాదు. 2004 సునామీ వచ్చినప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందంతో కలిసి అండమాన్ కబుర్లు బయటికి చేరవేసింది ఈ హామ్ రేడియోతోనే. మీ సెట్‌ని మనకిచ్చిన బ్యాండ్లు దాటి మాట్లాడేలా ఎవరైనా మార్చి ఇచ్చి ఉంటేనే భయపడాలి, దాన్ని వెంటనే సరిచేయించండి.

సందేహం: మా అమ్మాయి కాలేజీకి కారు నడుపుకుంటూ వెళ్తూ రేడియోలో మాట్లాడుతోంది. వద్దంటే నవ్వుతుంది. నా భయం అర్థం లేనిదా?
– ఒక తండ్రి, తిరుపతి

సమాధానం: మీ భయంలో న్యాయముందండీ. బండి నడిపేటప్పుడు వింటే ప్రమాదం తక్కువే, ఒక చేత్తో మైకు పట్టుకుంటేనే చిక్కు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, నడుపుతూ చేతిలో కమ్యూనికేషన్ పరికరం వాడడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగు కింద లెక్కగడుతుంది. సెట్ ముందుభాగాన్ని ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునే చోట బిగించలేదు కదా అని మీరొకసారి చూడండి. పెట్రోలు బంకులోనూ, క్వారీల దగ్గర బ్లాస్టింగ్ బోర్డు కనపడిన చోటా అసలు పీటీటీ ముట్టుకోవద్దని చెప్పండి. ఎవరైనా పిలిస్తే, బండి పక్కకి ఆపాక "ఇందాక డ్రైవింగులో ఉన్నాను" అంటే సరిపోతుంది. హాముల్లో దానికి నొచ్చుకునేవాళ్లెవరూ ఉండరు.