ఏప్రాన్ లెక్క: రెక్కల కొలతే కీలకం

విమానాశ్రయంలో విమానాలు నిలిపే ఆవరణను ఏప్రాన్ అంటారు. అందులో ఒక్కో విమానానికి కేటాయించే చోటు స్టాండ్. వీటి ప్రమాణాలు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) 14వ అనుబంధంలో ఉన్నాయి.

స్టాండ్ కొలతను ప్రధానంగా రెక్కల వెడల్పే నిర్ణయిస్తుంది. ఈ వెడల్పును బట్టే విమానాలను కోడ్ తరగతులుగా విభజిస్తారు: 24 నుంచి 36 మీటర్లలోపు కోడ్ సి. ఎయిర్‌బస్ ఎ320 ఈ కోవదే. 52–65 లోపు ఇ, 65–80 లోపు ఎఫ్. పక్క విమానానికి సి తరగతిలో కనీసం 4.5 మీటర్లు, డి, ఇ, ఎఫ్‌లలో 7.5 మీటర్ల ఎడం ఉండాలి.

బోయింగ్ 777ఎక్స్ రెక్కల కొసలు నేలమీద మడుచుకునేది ఈ వెడల్పు హద్దుల కోసమే. 71.8 మీటర్ల వెడల్పు 64.8కి తగ్గి, కోడ్ ఇ స్టాండ్‌లో ఇముడుతుంది. ఈ ఒక్క ఉదాహరణ గుర్తుంచుకోండి, హద్దులు మరచిపోరు.

రద్దీ విమానాశ్రయాల్లో వాడే మార్స్ పద్ధతిలో ఒకే చోట ఒక పెద్ద విమానాన్ని గానీ, రెండు చిన్నవాటిని గానీ నిలుపుతారు.